బొద్దింకకు చెదపురుగు చుట్టము

(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



మొదట ఒక తప్పు ఒప్పుకొనవలసియున్నది. చెదపురుగు తెల్లచీమయనియు, చీమకు చుట్టమనియు నేను చాల సంవత్సరములు పాఠము చెప్పితిని. అది సరికాదు. చీమ కందిరీగల, తేనెటీగల వంశమునకు చెందినది. చెదపురుగు మన వంటయింటి బొద్దింకకు చుట్టము.

పైకి ఈ పోలిక తోచదు. బొద్దింక పగలు సందులలో దాగి, రాత్రి దొరికినదెల్ల తినును. చెదలు రాజు, రాణి, శ్రామికులు, సైనికులు గల పెద్ద సంసారముగా పుట్టలో నివసించును. అయినను అవి పెరుగు విధము చూడుడు. చీమపిల్ల కాళ్లులేని పురుగుగా పుట్టి, ప్యూపా దశ దాటి చీమ యగును. బొద్దింకపిల్లయు, చెదపిల్లయు గ్రుడ్డు వెడలినది మొదలు ఆరు కాళ్లతో పెద్దవాని పోలికనే యుండును.

అమెరికాలో కుళ్లిన దుంగలలో కాపురముండి కొయ్యనే తిను క్రిప్టోసెర్కస్ అను బొద్దింక కలదు. కొయ్యను జీర్ణింపజేయు సూక్ష్మజీవులు దాని ప్రేగులలోను, కొన్ని చెదజాతుల ప్రేగులలోను ఒకే తెగవి. పిల్లలు వానిని పెద్దల నుండియే పొందవలెను. కావున కలసి బ్రతుకుట తప్పనిసరి. 1934లోనే క్లీవ్‌లాండు ప్రభృతులు ఈ పోలికను వివరించిరి. 2007లో లండను పరిశోధకులు జన్యుపదార్థమును పోల్చిచూచి, చెదలకు వేరు గణ మక్కరలేదనియు, అవి బొద్దింకల గణములోనివే యనియు ప్రకటించిరి.

మన అత్తిబెలె సరిహద్దు ఊరు. మనము చెదలు అనుదానిని కన్నడిగులు గెద్దలు అందురు; తమిళమున సిదల్ అను మాట కలదు. వినుటకు వేరైనను మూడును ఒకే మూలము నుండి పుట్టినవి. మాటలకైనను, పురుగులకైనను చుట్టరికమును పైరూపము చూచి నిర్ణయింపరాదు.

తెలుగులో చదివిన బిడ్డకు విజ్ఞానశాస్త్రము వచ్చునాయని కొందరు తల్లులు నన్నడుగుచుందురు. తొలకరి జల్లు పడిన సాయంకాలము దీపము చుట్టు మూగు ఉసుళ్లు ఏవియో మీ బిడ్డకు తెలియును. అవి రెక్కలు వచ్చిన చెదలేయని చెప్పినచో పాఠము సగము ముగిసినట్లే. మిగిలిన సగము బడిలో మేము చెప్పెదము.

చివరకు ఒక మనవి. నా పాత పాఠము వ్రాసికొన్న నోటు పుస్తకములు మీ ఇండ్ల నున్నచో, చెదలు తినివేయకమునుపే ఆ తప్పు దిద్దించుడు.