వాణ్ణే అడగాలి
(వృత్తి శిక్షణను గూర్చిన ప్రసంగ పాఠము)



ప్రభుత్వము ఇచ్చే వృత్తి శిక్షణను గూర్చి, ముఖ్యముగా అంగవైకల్యము గలవారి శిక్షణను గూర్చి మాట్లాడమన్నారు. నేను ఒక ఐ.టి.ఐ.లో చాలా ఏండ్లు ఫిట్టరు పని నేర్పినవాడను. కనుక నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను.

ఉద్యోగములో చేరిన కొత్తలో, పోలియోవలన ఎడమకాలు చచ్చుబడిన కుర్రవాడొకడు తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. నేను వాని కాలు చూచి, "రోజంతా నిలబడాలి నాయనా, నీవల్ల కాదు. టైపు నేర్చుకో" అన్నాను. "ఆకురాయి పట్టేది చేతితోనే గదండీ" అన్నాడు వాడు. నాకు కోపము వచ్చింది. పంపివేశాను.

కొంతకాలము తరువాత వాణ్ణి ఒక సైకిలు షాపులో చూచాను. నేలమీద కూర్చొని చక్రము వంపు తీస్తున్నాడు. ఒక్కొక్క చువ్వను బిగించి, చక్రము త్రిప్పి, కన్ను చిట్లించి చూచుకుంటున్నాడు. మా షాపులో రెండేండ్లు నేర్చినవారిలో కూడ అట్టి చేతులు అందరికీ ఉండవు. ఆ చేతులను నేను చూడనే లేదు.

అంగవైకల్యము గలవారి కొరకు కేంద్ర ప్రభుత్వము 1968లో వృత్తి పునరావాస కేంద్రములు ప్రారంభించినప్పుడు, మొదటి రెంటిలో ఒకటి బొంబాయికి, ఒకటి మన హైదరాబాదుకు వచ్చాయి. ఇప్పుడు వాటిని నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్లు అంటున్నారు. మనిషిలో పోయినదానిని కాక మిగిలియున్న శక్తిని చూడడమే అక్కడి పద్ధతి. వైద్యుడు చూస్తాడు, మనస్తత్వ పరీక్ష చేస్తారు, వర్క్‌షాపులో పని పెట్టి చూస్తారు. ఆ తరువాతనే ఫలానా పని నేర్చుకోమంటారు. నేను అర నిమిషములో తేల్చివేసిన సంగతి ఇది!

1995 చట్టము ఏడు రకముల వైకల్యములనే గుర్తించింది. 2016 చట్టము ఇరువది యొకటి గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగములలో 4 శాతము కేటాయించింది. అందరికీ నడిచే శిక్షణ పథకములలోనే వీరినీ చేర్చుకోవాలన్నది. గ్రుడ్డివాడంటే కుర్చీలు అల్లవలసినవాడే అనుకొనే కాలము పోవాలి గదా.

అయితే చట్టములో బెంచీ ఎత్తు వ్రాసియుండదు. తరువాత మరొక అబ్బాయి వస్తే, షాపులో పడియున్న యాంగిల్ ముక్కలతోనే ఎత్తైన స్టూలు చేయించాము. మోకాలు తగలకుండ బెంచీ క్రింది పలక ఊడదీశాము. ఒక పూట పని. అసలు చిక్కు హాస్టలు మెట్ల దగ్గర, మరుగుదొడ్డి దగ్గర వచ్చింది. నాకు తెలిసి మధ్యలో మానివేసినవారు అక్కడ ఓడిపోయినవారే గాని పాఠములలో కాదు.

ఇంకొక మాట. 40 శాతము వైకల్యమున్నదని సదరం ధ్రువపత్రము తెచ్చుకొని, పింఛను కొరకు పెట్టెలో దాచేవారు మనలో ఉన్నారు. పని నేర్చుకుంటే పింఛను పోతుందేమోనను భయముతో పిల్లవాణ్ణి శిక్షణకు పంపని ఇండ్లు నేను ఎరుగుదును. ఆ భయమును నేను తప్పుపట్టను. నెలనెలా వచ్చే రూపాయలవి. కాని పంపకమునుపే మానుకొనక, సంబంధిత కార్యాలయములో అడిగి తెలిసికొనండి.

భోజనముల తరువాత నేను ఈ చెట్టు క్రిందనే కూర్చుంటాను. దరఖాస్తు నింపించుకోవలసినవారు పిల్లవాణ్ణి గాని, పిల్లను గాని వెంట తీసుకొని రండి. తండ్రి ఒక్కడే వస్తే నేను నింపను. ఏ పని ఇష్టమో వాణ్ణే అడగాలి.