గడియారం ముందు వయొలెట్టా

పాత్రలు తమ మాటలను దాదాపు మొదటినుంచి చివరివరకు పాటగా వినిపిస్తుండగా, రంగస్థలం ముందరి గోతిలో కూర్చున్న పెద్ద వాద్యబృందం ఆ పాటకు తోడుగా, ఒక్కోసారి ఎదురుగా, మరొక్కోసారి పాత్ర చెప్పలేని మాట తానే చెబుతూ సాగే నాటకాన్ని పాశ్చాత్యులు ఒపెరా అంటారు. తెలుగు శ్రోతకు ఈ వర్ణన వినగానే యక్షగానమో పద్యనాటకమో స్ఫురించవచ్చు. అయితే పద్యనాటకంలో నటుడు తన గొంతు బలాన్ని, ప్రేక్షకుల ఉత్సాహాన్ని బట్టి రాగాన్ని పెంచుకోగలడు. ఒపెరాలో దాదాపు ప్రతి స్వరమూ, ప్రతి విరామమూ స్వరకర్త రాసిపెట్టిన స్వరలిపిలో ముందే స్థిరపడి ఉంటుంది. మాటా మారదు, స్వరమూ మారదు కనుక, పాత ఒపెరాను కొత్తగా ప్రదర్శించడమంటే కంటికి కనిపించేదాన్ని మార్చి, చెవికి వినిపించేదానికి కొత్త అర్థం తెప్పించడమే. అది ఎంత గంభీరమైన పనో తెలుసుకోవడానికి జుసెప్పె వెర్డి స్వరపరచిన 'లా ట్రావియాటా'కు జర్మన్ దర్శకుడు విల్లీ డెక్కర్ 2005లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ ఉత్సవంలో ఇచ్చిన రంగరూపం మంచి ఆధారం.

'ట్రావియాటా' అంటే దారి తప్పిన స్త్రీ. ఈ పేరు లోకం కథానాయికకు పెట్టిందే తప్ప, వెర్డి సంగీతంలో ఆమెను అలా నిందించే స్వరం ఎక్కడా లేదు. పారిస్ నగరంలో ధనవంతుల పోషణలో విలాసంగా బతుకుతున్న వయొలెట్టా క్షయరోగి. ఆల్ఫ్రెడో అనే యువకుడు ఆమెను నిజంగా ప్రేమిస్తాడు. ఆమె అన్నీ వదులుకొని అతనితో పల్లెలో కాపురం పెడుతుంది. అతని తండ్రి జెర్మోన్ వచ్చి, ఈ సంబంధం వల్ల తన కూతురి పెళ్ళి ఆగిపోతుందని చెప్పి కొడుకును విడిచిపెట్టమని కోరతాడు. ఆమె విడిచిపెడుతుంది, కారణం తెలియని ఆల్ఫ్రెడో చేత నిండు సభలో అవమానం పొందుతుంది, నిజం తెలిసి అతను తిరిగివచ్చేసరికి మరణశయ్య మీద ఉంటుంది. ఈ కథకు మూలం 1847లో 23 ఏళ్ళకే క్షయతో మరణించిన మేరీ డుప్లెసీ జీవితం. ఆమెను ఎరిగిన ఫ్రెంచి రచయిత చిన్న డ్యూమా 1848లో దాన్ని నవలగా రాసి, తరువాత నాటకంగా మలచగా, అది 1852లో పారిస్‌లో ప్రదర్శితమైంది. మరుసటి ఏడాదికే పియావె రాసిన లిబ్రెట్టోతో, అంటే ఒపెరాకు ఆధారమయ్యే సాహిత్యపాఠంతో, వెర్డి దాన్ని సంగీతంలోకి తెచ్చాడు.

ఈ తేదీల దగ్గరితనం చాలా ముఖ్యమైనది. రాజుల కథలకూ పురాణ కథలకూ అలవాటుపడిన ఒపెరా రంగం మీదికి, ఆరేళ్ళ క్రితం కన్నుమూసిన ఒక స్త్రీ బతుకును వెర్డి సమకాలీన దుస్తుల్లోనే తీసుకురాదలచాడు. వెనిస్‌లోని లా ఫెనీచె రంగశాల అధికారులు అందుకు ఒప్పుకోక కథాకాలాన్ని 1700 ప్రాంతానికి నెట్టించారు. 1853 మార్చి 6న జరిగిన తొలి ప్రదర్శన విఫలమైంది. పుష్టిగా ఉన్న ప్రధాన గాయని క్షయతో కృశిస్తున్నట్లు నటిస్తే ప్రేక్షకులు నమ్మలేదన్నది ప్రసిద్ధమే. మరుసటి ఏడాది మే నెలలో అదే నగరంలోని మరో రంగశాలలో కొన్ని మార్పులతో ప్రదర్శించినప్పుడు అది జయించింది గానీ, పాతకాలపు వేషాలు మాత్రం చాలాకాలం దాన్ని వదలలేదు. సభలో కూర్చున్నవారు తమను తాము చూసుకోవలసిన నాటకాన్ని ఎవరో పూర్వుల కథగా చూసి కన్నీరు తుడుచుకొని వెళ్ళగలిగారు.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ దూరాన్ని వైభవం నింపింది. 1955లో మిలాన్‌లోని లా స్కాలాలో లుకీనో విస్కోంతి దర్శకత్వంలో మరియా కాలస్ పాడిన ప్రదర్శన నటనలోని సత్యానికి కొత్త కొలమానమైన మాట నిజమే. అయినా ఆ తరువాత అనేక రంగశాలల్లో మిగిలినది ఎక్కువగా షాండ్లియర్లు, పట్టుతెరలు, విశాలమైన మెట్లదారులే. 1982లో ఫ్రాంకో జెఫిరెల్లి తీసిన చలనచిత్రంలో ఆ సంపన్నత పరాకాష్ఠకు చేరింది. అది కంటికి ఇంపైనదే. అయితే ఆ సంపదకు వెల చెల్లిస్తున్నది వయొలెట్టా శరీరమన్న సంగతి ఆ వెలుగులో సులభంగా మరుగునపడుతుంది.

డెక్కర్, రంగాలంకరణ చేసిన వోల్ఫ్‌గాంగ్ గుస్మాన్ కలిసి వేదికను దాదాపు ఖాళీ చేశారు. వంపు తిరిగిన ఒక తెల్లటి గోడ, దాని పొడవునా కూర్చునే అరుగు, ఒక పక్క మనిషికి మించిన ఎత్తున్న గడియారం మాత్రమే మిగిలాయి. వయొలెట్టా ఒక్కతే ఎర్ర గౌను ధరిస్తుంది. కోరస్‌గా పాడే స్త్రీపురుషులందరూ ఒకే తీరు నల్ల సూట్లు వేసుకోవడంతో, విందుకు వచ్చిన అతిథులు ఆమెను చుట్టుముట్టే ఒక పెద్ద మగగుంపుగా కనిపిస్తారు. మూలంలో నాలుగు మాటలు మాత్రమే ఉన్న వైద్యుడు గ్రెన్విల్ ఇక్కడ మొదటినుంచి గడియారం దగ్గర మౌనంగా నిలిచి మృత్యువుకు రూపమవుతాడు. ఆనా నెట్రెబ్కో వయొలెట్టాగా, రొలాండో విలజోన్ ఆల్ఫ్రెడోగా, థామస్ హాంప్సన్ జెర్మోన్‌గా పాడగా, కార్లో రిజ్జి నిర్వహణలో వియన్నా ఫిల్హార్మోనిక్ వాద్యబృందం వాయించింది.

గడియారం దర్శకుడు బయటినుంచి తెచ్చి అంటించిన అలంకారం కాదు. అది స్వరలిపిలోనే దాగి ఉంది. తెర లేవకముందు వినిపించే ప్రిలూడ్, అంటే నాందిగా వాయించే వాద్యసంగీతం, పై స్థాయిలో విభజించిన వయొలిన్ల సన్నని ధ్వనితో మొదలవుతుంది. అది చివరి అంకంలో ఆమె మరణశయ్య మీద ఉన్నప్పుడు మళ్ళీ వినిపించే సంగీతం. దాని వెంటనే వచ్చేది రెండో అంకంలో ఆమె ఆల్ఫ్రెడోను విడిచి వెళ్ళే ముందు పాడే ప్రేమవేదన. వెర్డి కథను చివరినుంచి మొదటికి చెబుతున్నాడు. మొదటి విందుపాట వినిపించేనాటికే ఆమె అంతం శ్రోత చెవికి తెలిసి ఉంటుంది. చివరి అంకంలో వైద్యుడు పనిమనిషితో చాటుగా ఇంకా కొద్ది గంటలే మిగిలాయంటాడు. జెర్మోన్ పంపిన ఉత్తరాన్ని వయొలెట్టా పాడకుండా మామూలు గొంతుతో చదివి, చదవడం ముగియగానే ఆలస్యమైపోయిందని గ్రహిస్తుంది. కాలం తరిగిపోవడమే ఈ నాటకానికి ఇతివృత్తమైనప్పుడు, ఇతర వస్తువులన్నీ తొలగించి గడియారాన్ని మాత్రం ఉంచడం సంగీతాన్ని నమ్మిన దర్శకుడు చేసే పని.

ఈ ప్రదర్శనలో అన్నిటికంటే హృదయాన్ని పట్టే ఘట్టం రెండో అంకంలోని పల్లె కాపురం. అక్కడ ఆసనాల మీద పూలపూల వస్త్రాలు పరచి ఉంటాయి, ప్రేమికులిద్దరి అంగీల మీదా అవే పూలు, గడియారం మీద కూడా అలాంటి ముసుగే కప్పి ఉంటుంది. కాలాన్ని కంటికి కనబడకుండా దాచుకున్న సుఖమది. జెర్మోన్‌తో ఆమెకు జరిగే సుదీర్ఘమైన యుగళగీతం ఒపెరా సాహిత్యంలోనే ఉన్నతమైన సంవాదాల్లో ఒకటి: ఆయన నింపాదిగా, గౌరవంగా, ఒక్కొక్క మెట్టే ఎక్కినట్లు అడుగుతాడు, ఆమె మొదట ఎదిరించి, తరువాత బతిమాలి, చివరకు తెగిన గొంతుతో ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నాక ఆ పూలవస్త్రాలు ఊడివస్తాయి, తెల్లని శూన్యం మళ్ళీ బయటపడుతుంది. మాటల్లో జరిగిన త్యాగం కంటికి కూడా జరిగినట్లవుతుంది.

అయితే ఈ శూన్యానికీ ఒక మూల్యముంది. పియావె పాఠంలో డబ్బు అడుగడుగునా లెక్కకు వస్తుంది: పల్లె కాపురం ఖర్చుకు ఆమె గుర్రాలను, బండ్లను అమ్ముకుంటుంది, చివరి అంకంలో మిగిలిన ఇరవై బంగారు నాణేలలో పదింటిని పేదలకు పంచమంటుంది. సామాన్లు లేని వేదిక మీద ఈ వివరాల బరువు తగ్గి, పారిస్ సమాజపు కథ స్త్రీకీ మృత్యువుకూ మధ్య జరిగే పోరుగా సాధారణీకరణ పొందుతుంది. 2010 డిసెంబరు 31న న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరాలో జెఫిరెల్లి రంగరూపపు వైభవం స్థానంలోకి ఇదే రూపం వచ్చింది. 2018లో మైఖేల్ మేయర్ దర్శకత్వంలో అక్కడికి రంగులు, అలంకారాలు తిరిగివచ్చాయి. రంగులు పోగొట్టిన దాన్ని శూన్యం తెచ్చింది, శూన్యం పోగొట్టిన దాన్ని మళ్ళీ రంగులు వెతుక్కుంటున్నాయి.

చివరి అంకంలో కిటికీ బయట కార్నివాల్ పండుగ జనం పాడుకుంటూ పోతున్నట్లు వెర్డి రాశాడు. డెక్కర్ ఆ జనాన్ని వేదిక మీదికే రప్పిస్తాడు. వారు అదే ఎర్ర గౌను తొడిగిన మరో యువతిని వెంట తెస్తారు. వయొలెట్టా చూస్తుంది, గుంపు వెళ్ళిపోతుంది. ఆ తరువాత ఆల్ఫ్రెడో వస్తాడు. మొదటి అంకంలో అతను తన ప్రేమను వెల్లడించిన రాగాన్నే చివరి ఘడియల్లో వయొలిన్లు మెల్లగా వాయిస్తుండగా, నొప్పి తగ్గిందని, బలం తిరిగి వస్తోందని ఆశ్చర్యపడుతూ ఆమె పాటగా కాక మాటగా పలుకుతుంది, లేచి నిలబడుతుంది, ఒక్క క్షణం బతికినట్టే అనుకుంటుంది.