సామ్ లేసీ: ఒక క్రీడా విలేఖరి

1937వ సంవత్సరము అక్టోబరు నెలలో అమెరికాలోని బాల్టిమోర్ నగరమున రెండు విశ్వవిద్యాలయముల విద్యార్థులకు ఫుట్‌బాల్ పోటీ ఏర్పాటయ్యెను. మన మెరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతిని చేత పట్టుకొని పరుగెత్తుచు, విసరుచు ఆడు అమెరికా దేశపు ఆట. సిరక్యూస్ విశ్వవిద్యాలయము పక్షమున బంతి విసరుటలో పేరు గడించిన యువకుడొకడు ఆ ఆటలో దిగవలసి యుండెను. అతని పేరు విల్మెత్ సిదాత్ సింగ్. పత్రికలు అతనిని ‘హిందువు’ అని వర్ణించుచుండెను. ఆ కాలమున ఆ దేశమున హిందువను మాట మతమును తెలుపునది కాదు. భారతదేశమునుండి వచ్చినవాడు సిక్కైనను, ముసల్మానైనను వారి దృష్టిలో హిందువే.

నిజమునకు ఈ యువకుడు భారతీయుడు కాడు. వాషింగ్టన్ నగరమున నల్లజాతి దంపతులకు పుట్టినవాడు. తండ్రి మరణించిన పిమ్మట తల్లి, వైద్యవిద్యకై మన దేశమునుండి అచ్చటికి వెళ్ళిన సిదాత్ సింగ్ అను నాతనిని వివాహమాడెను. మారుతండ్రి పేరు బాలునకు సంక్రమించినది. పేరు విని, లేత గోధుమవన్నె దేహము చూచి లోకము పొరబడెను. విశ్వవిద్యాలయమువారు ఆ పొరపాటును దిద్దలేదు. దిద్దకుండుటలో వారికి లాభము కలదు. హిందువుతో ఆడుటకు దక్షిణపు విశ్వవిద్యాలయములకు అభ్యంతరము లేదు. నల్లజాతివానితో ఆడుటకు మాత్రమే అభ్యంతరము.

వాషింగ్టన్‌లో నల్లజాతివారు నడుపుకొను ‘ట్రిబ్యూన్’ పత్రికలో సామ్ లేసీ అను క్రీడావిలేఖరి యుండెను. ఆయన ఈ సంగతి బయటపెట్టెను. మేరీలాండ్ విశ్వవిద్యాలయమువారు అతడు దిగినచో తాము ఆడమనిరి. సిరక్యూస్ వారు తలయొగ్గి సిదాత్ సింగును ప్రక్కన కూర్చుండబెట్టి, 13–0 తేడాతో ఓడి ఇంటికి పోయిరి. మరుసటి సంవత్సరము తమ యూరిలో అతనిని ఆడించి 53–0 తో గెలిచిరనుట వేరు మాట.

లేసీని పలువురు నిందించిరి. ఒక నల్లజాతి కుర్రవాడు ఏదో విధమున లోనికి పోయి కీర్తి తెచ్చుకొనుచుండగా, తనవాడే తలుపు మూయించుట న్యాయమా అని అడిగిరి. ఈ ప్రశ్న తేలికైనది కాదు. అందరు ఆడుచుండగా ప్రక్కన కూర్చుండిన పందొమ్మిదేండ్ల యువకుని తలచుకొన్నచో నాకును మనస్సు చివుక్కుమనును. లేసీ మాత్రము తన మాట మార్చుకొనలేదు. నిజాయితీ లేక జాతికి పురోగతి లేదనియు, మనిషిని ఉన్నవానిని ఉన్నట్లుగా అంగీకరింపలేకపోయినచో తప్పు అంగీకరింపనివారిదే యనియు ఆయన వృద్ధాప్యమునను చెప్పుచుండెను. సిదాత్ సింగ్ తరువాత నల్లజాతి వైమానిక దళమున చేరి, 1943లో శిక్షణకాలమున విమానము చెడి హ్యూరాన్ సరస్సులో మునిగి మరణించెను.

నేను చెప్పదలచినది లేసీ బేస్‌బాల్ విలేఖరిత్వమును గురించియే. అయినను ఈ కథతో ఆరంభించితిని. ఏలయనగా మారుపేరుతో దొడ్డిదారిన పోవుట కాదు, తన పేరుతో సింహద్వారమున పోవలెనన్న ఈ పట్టుదలయే ఆయన చేసిన పని కంతటికిని మూలము.

క్రికెట్టు ఎరిగినవారికి బేస్‌బాల్ తెలిసికొనుట కష్టము కాదు. గుండ్రని కర్రతో బంతిని కొట్టి, నాలుగు మూలలను చుట్టి వచ్చినచో ఒక పరుగు. అమెరికాలో ఏప్రిలు మొదలు శరత్కాలమువరకు దాదాపు ప్రతిదినము ఆట యుండును. ఆ రోజులలో ఒక్కొక్క జట్టు యేటికి 154 ఆటలు ఆడెడిది. అందుచేత బేస్‌బాల్ విలేఖరి జట్టుతోపాటు రైలెక్కి, జట్టు దిగిన హోటలులోనే దిగి, మైదానమున పత్రికలవారి గదిలో కూర్చుండి వ్రాయును. రైలు, హోటలు, ఆ గది: ఈ మూడును లేనిదే అతని వృత్తి సాగదు. ఈ మూడింటిలోను నల్లజాతివారికి అడ్డంకులే.

ఆటగాండ్ర స్థితియు ఇట్టిదే. 1880 ప్రాంతములలో ఒకరిద్దరు ఆడిన పిమ్మట, పెద్ద లీగులలో నల్లజాతి ఆటగాడనువాడు లేకపోయెను. వ్రాతపూర్వకమైన నిషేధమేమియు లేదు. వ్రాసియుంచిన దానికంటె వ్రాయని కట్టుబాటు గట్టిదని మన గ్రామములలో పెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. నల్లజాతివారు తమకు తామే ‘నీగ్రో లీగులు’ అను పేర జట్లు కట్టుకొని ఆడుకొనుచుండిరి.

లేసీ వాషింగ్టన్‌లో గ్రిఫిత్ స్టేడియమునకు చేరువనే పెరిగెను. బాల్యమున అభ్యాసవేళ మైదానములో దూరి ఆటగాండ్రు కొట్టిన బంతులను ఏరి యిచ్చెను. ఆటనాడు ప్రేక్షకుల నడుమ తినుబండారము లమ్మెను. పెద్ద లీగు జట్టును, నల్లజాతి జట్లను అదే మైదానమున చూచి, ప్రతిభలో భేదము లేదని తన కన్నులతోనే నిర్ణయించుకొనెను. అచ్చట నల్లజాతి ప్రేక్షకులకు కుడివైపున ఒక మూల ప్రత్యేకింపబడెను. లేసీ తండ్రి వాషింగ్టన్ జట్టునకు పరమభక్తుడు. జట్టువారు వీథిలో ఊరేగుచుండ, 79 ఏండ్ల యా వృద్ధుడు ఒక్కొక్క ఆటగానిని పేరుపెట్టి పిలిచి జేజేలు కొట్టుచుండెనట. తెల్లజాతి ఆటగాడొకడు దాటిపోవుచు ఆయన ముఖముపై ఉమ్మివేసెను. ఆయన పిమ్మట ఏడేండ్లు జీవించెను గాని, మరల ఒక్క ఆటకైనను పోలేదు. లేసీ ఈ సంగతిని చెప్పునపుడు ఉమ్మివేసినవాని పేరు చెప్పనని దాటవేసెడివాడు.

1937 డిసెంబరులో ఆయన వాషింగ్టన్ జట్టు యజమాని క్లార్క్ గ్రిఫిత్తును కలిసికొని, మీ జట్టులో నల్లజాతివారిని ఏల చేర్చుకొనరని అడిగెను. గ్రిఫిత్ మర్యాదగానే మాటలాడెను. కాలమింకను పరిపక్వము కాలేదనెను. పెద్ద లీగులు తలుపు తెరచినచో నీగ్రో లీగులు కూలిపోయి వందలమంది ఆటగాండ్రు వీథిని పడుదురనియు చెప్పెను. ఈ గ్రిఫిత్తే క్యూబా ద్వీపమునుండి ఆటగాండ్రను తెప్పించి ఆడించుచుండెను. మేని రంగు కొంచెము ముదురైనను స్పానిష్ పేరున్నచో చెల్లును. సిదాత్ సింగ్ విషయమున చూచినదే ఇచ్చటను చూడుడు.

గ్రిఫిత్ చెప్పిన రెండవ మాట పూర్తిగా అబద్ధము కాదు. తలుపు తెరచిన వెనుక నీగ్రో లీగులు నిజముగనే క్షీణించెను. నీగ్రో నేషనల్ లీగు 1948తో ముగిసెను. జాకీ రాబిన్‌సన్‌ను తీసికొన్నప్పుడు బ్రూక్లిన్ వారు అతని పాత జట్టైన కాన్సస్ సిటీ మొనార్క్స్‌కు దమ్మిడీ యీయలేదు. నల్లజాతి యజమానుల సంస్థలు నశించెను, ఆటగాండ్రనేకులు చేతిపని లేక మిగిలిరి. లేసీ ఈ నష్టము నెరుగనివాడు కాడు. అయినను ఆ లీగులు వెలివేతకు గుర్తులనియు, తొలగింపవలసినది సరిగా ఆ గుర్తునే యనియు ఆయన వాదము. నేను ఆయన పక్షమే. కాని నష్టపడినవారి లెక్కను ఎవరైనను వ్రాసియుంచవలసినది.

1940 తరువాత లేసీ కొంతకాలము షికాగోలో ‘డిఫెండర్’ పత్రికయందు పనిచేసి, 1944 ఆరంభమున బాల్టిమోర్ చేరి ‘ఆఫ్రో-అమెరికన్’ పత్రిక క్రీడాసంపాదకుడయ్యెను. మరణించువరకు ఆ కొలువు విడువలేదు. 1945 మార్చిలో పెద్ద లీగుల యజమానులకు లేఖలు వ్రాసి, నల్లజాతివారి ప్రవేశమును పరిశీలించుటకు ఒక సంఘము నేర్పరుపుడని కోరెను. సంఘమేర్పడెను. బ్రూక్లిన్ జట్టు నుండి బ్రాంచ్ రికీ, న్యూయార్క్ యాంకీల నుండి ల్యారీ మెక్‌ఫెయిల్ సభ్యులైరి. సమావేశము మాత్రము జరుగలేదు. ఎప్పుడు పిలిచినను మెక్‌ఫెయిల్‌కు వేరు పని యుండెడిది. సంఘము వేసి పనిని నిద్రపుచ్చు విద్య మనకే సొంతమని యనుకొందుము గాని, అట్లు కాదు. రికీ విసిగి, తన త్రోవ తాను చూచుకొందునని, ఆ సంవత్సరము అక్టోబరులోనే జాకీ రాబిన్‌సన్‌ను మాంట్రియల్ జట్టునకు తీసికొనెను.

అప్పటినుండి మూడేండ్లు లేసీ రాబిన్‌సన్‌కు నీడవలె నుండెను. 1946 వసంతమున ఫ్లారిడాలో శిక్షణ. శాన్‌ఫర్డ్ అను నూరివారు రాబిన్‌సన్‌ను ఉండనీయలేదు. జాక్సన్‌విల్‌లో మైదానము వాకిటికి తాళము వేసిరి. డీలాండ్‌లో దీపములు చెడినవని చెప్పి ఆట మాన్పించిరి. ఆట ఏర్పాటైనది పట్టపగలు. మరు సంవత్సరము హవానాలో తెల్ల ఆటగాండ్రకు గొప్ప హోటలు, రాబిన్‌సన్ మొదలగు నలుగురికి వేరొక చిన్న హోటలు. జార్జియాలోని మేకన్‌లో వారు బసచేసిన యింటి ముంగిట రాత్రివేళ సిలువను కాల్చిరి. నల్లజాతివారిని బెదరించుటకు ఆ ప్రాంతపు దుండగులు చేయు పని అది.

న్యూఆర్లియన్స్‌లో పత్రికలవారి గదిలోనికి లేసీని రానీయలేదు. ఆయన వాదులాడక, కుర్చీ నొకదానిని పట్టుకొని ఆ గది కప్పుపై కెక్కి, అచ్చట కూర్చుండి వ్రాసికొనసాగెను. కొంతసేపటికి న్యూయార్క్ నుండి వచ్చిన తెల్లజాతి విలేఖరులు కొందరు తమ కుర్చీలతో పైకి వచ్చిరి. ఏల వచ్చితిరని యడుగగా, ఎండ కాచుకొనుటకు వచ్చితిమనిరి. సానుభూతి వాక్యమొక్కటియు లేదు. ఎండలో అందరును కలిసి వ్రాసికొనిరి.

ఇంత చేరువగ నుండియు ఆయన భట్రాజు కాలేదు. రాబిన్‌సన్ ఏమి తినెను, ఎచ్చట పండుకొనెను, ప్రేక్షకు లేమి యరచిరి అన్నదంతయు పాఠకులకు వివరముగ వ్రాసెను. వారు దానికై ఎదురుచూచుచుండిరి. 1948 వసంతమున అతడు బరువు పెరిగి మందగతితో వచ్చినపుడు, ఆ మాటయు దాచక వ్రాసెను. తొలివాని తప్పులు దాచుట జాతికి సేవ యని తలచు కాలమది. సిదాత్ సింగ్ పేరును దాచనివాడు రాబిన్‌సన్ బరువును ఎట్లు దాచును?

ఆ 1948లోనే అమెరికా బేస్‌బాల్ విలేఖరుల సంఘము లేసీని సభ్యునిగా చేర్చుకొనెను. ఆ సంఘమున తొలి నల్లజాతి సభ్యు డాయనయే. ఆటగాండ్ర తరువాత హోటళ్ళ వంతు వచ్చెను. న్యూయార్క్ జయింట్స్ అధికారి చబ్ ఫీనీని కలిసి, విలీ మేస్ వంటి ఆటగాండ్రను మైదానమున అక్కున చేర్చుకొని, రాత్రి వేరు బసకు పంపుట ఏమి పద్ధతి యని యడిగెను. ఫీనీ ఆ మాట నంగీకరించి దిద్దుకొనెను. లేసీ వ్రాసిన విజయములలో దీనికి శీర్షికలు తక్కువ. ఆటగానికి నిద్ర విలువ తెలిసినవారు దీనిని చిన్నదనరు.

ఆయన సొంతయూరి జట్టు సంగతి యేమందురా? రాబిన్‌సన్ 1947 ఏప్రిలు 15న బ్రూక్లిన్ తరఫున మైదానమున కాలిడెను. వాషింగ్టన్ జట్టు తొలి నల్లజాతి ఆటగానిని దింపినది 1954 సెప్టెంబరులో. అతడు కార్లోస్ పౌలా, క్యూబావాడు.

లేసీ ఎక్కువ జీతమునకు ఆశపడి వేరు పత్రికకు పోలేదు. బాల్టిమోర్‌లో ఆయన కుమారుడు టిమ్ కూడ అదే పత్రికలో వ్రాసెను. ముసలితనమున కీళ్ళవాతముచే యంత్రముపై అక్షరములు కొట్టలేక, కాగితముపై చేతితో వ్రాసి యిచ్చెడివాడు. తొంబదియేండ్లు దాటిన వెనుకను తెల్లవారుజామున లేచి కార్యాలయమునకు పోయెడివాడు.

1998 జూలైలో కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ కీర్తిమందిరమున ఆయనకు విలేఖరుల కిచ్చు అత్యున్నత పురస్కారము, 1997 సంవత్సరమునకు గాను, అందజేసిరి. ఆ పురస్కారమునకు అప్పటి పేరు జె. జి. టేలర్ స్పింక్ పురస్కారము. స్పింక్ ‘స్పోర్టింగ్ న్యూస్’ పత్రికాధిపతి. 1942లో నల్లజాతివారు వేరుగ నాడుటయే మేలని తన పత్రికలో సంపాదకీయము ప్రకటించినవాడు. ఆ పేరుగల గౌరవమునే లేసీ స్వీకరించెను. విలేఖరుల సంఘమువారు 2021 ఫిబ్రవరిలో ఆ పేరు తొలగించిరి.

అది చూచుటకు లేసీ లేడు. 2003 మే 8న వాషింగ్టన్ ఆసుపత్రిలో, నూరేండ్లకు చేరువయై కన్నుమూసెను. అంతకు కొలది దినములకు ముందు, ఆ మంచముమీదనుండియే ఆ వారపు వ్యాసమును వ్రాసి పంపెను.