రాయి మీద నంబర్, మూత మీద పేరు

ఈ రోజు ఎపిసోడ్ మా ఇంటి వంటగదిలో మొదలవుతుంది.

బోయిగూడలో మా పాత ఇల్లు ఖాళీ చేస్తున్నాం. పాత సామాన్లు తూకానికి వేస్తుంటే నానమ్మ ఒక కంచు బిళ్ల పట్టుకుని "ఇది ఇయ్యను" అంది. నా చిన్నప్పటి నుంచి అది పాలగిన్నె మీద మూత. ఆ రోజు మొదటిసారి తోమి చూశా. ఒక స్త్రీ బొమ్మ, పక్కన సింహం, చుట్టూ ఇంగ్లీష్‌లో "స్వాతంత్ర్యం, గౌరవం కోసం మరణించాడు" అని ఉంది. ఒక చిన్న గడిలో ఒక పేరు.

"ఎవరే ఈయన?" అన్నా.

"మీ తాతకు పెదనాయన. బస్రా పోయిండు, మళ్లా రాలే." అంతే చెప్పింది.

గూగుల్ చేస్తే తెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ల కుటుంబాలకి బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన బిళ్ల ఇది. అడ్డంగా 12 సెంటీమీటర్లు. దాని మీద హోదా కావాలనే రాయలేదు, త్యాగంలో అందరూ సమానం అని. మరి ఆయన సమాధి ఎక్కడ?

సైనికుల సమాధుల కోసం 1917లో ఒక కమిషన్ పెట్టారు. ఇప్పుడు దాని పేరు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. రూల్ సింపుల్: ఆఫీసరైనా సిపాయైనా ఒకటే సైజు రాయి. ఎత్తు 81 సెంటీమీటర్లు, వెడల్పు 38. పేరు, నంబర్, పటాలం, తేదీ. కింద ఇంటివాళ్లు తమ మాట ఒకటి రాయించుకోవచ్చు, 66 అక్షరాల లోపు. హిందువుల రాళ్ల మీద "ఓం భగవతే నమః" అని చెక్కారు. శరీరం దొరకనివాళ్ల పేర్లు గోడల మీద చెక్కారు. ఫ్రాన్స్‌లో నవ్‌షాపెల్ స్మారకం మీద 4,700 మందికి పైగా మనవాళ్ల పేర్లున్నాయి.

బస్రాకి వచ్చేసరికి రూల్ మారింది. అక్కడి స్మారకం 40 వేల మందికి పైగా సైనికులది. బ్రిటిష్ సిపాయిల పేర్లు చెక్కారు. మన ఆఫీసర్ల పేర్లూ చెక్కారు. మన మామూలు సిపాయిలకి మాత్రం పటాలం పేరు కింద "ఇంకా ఇంతమంది భారత సైనికులు" అని ఒక సంఖ్య. పేర్లు తెలియక కాదు, రిజిస్టర్లలో రాసుకున్నారు. మన కోడింగ్ భాషలో చెప్పాలంటే డేటా అంతా ఉంది, స్క్రీన్ మీద మాత్రం కౌంట్ చూపించారు.

ఇది నా కోపం మాత్రమే కాదు. 2021లో కమిషనే రిపోర్ట్ ఇచ్చింది: ఆఫ్రికా, ఆసియాల్లో చనిపోయిన లక్షా 16 వేల మందికి తక్కువ కాకుండా పేరుతో స్మరణ దక్కలేదు, దీని వెనక జాతి వివక్ష ఉంది అని. అదే ఏప్రిల్‌లో బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

ఆ రిజిస్టర్లు ఇప్పుడు కమిషన్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, వెతకడం ఫ్రీ. నేను కూర్చున్నా. పెద్ద తలనొప్పి స్పెల్లింగ్. వెంకటస్వామి అనే ఒక్క పేరుని ఇంగ్లీష్‌లో ఎన్ని రకాలుగా రాయొచ్చో మీకు తెలుసుగా! బిళ్ల మీద ఉన్న స్పెల్లింగ్‌తో సున్నా రిజల్ట్స్. అక్షరాలు మార్చి మార్చి కొడితే మూడో రాత్రి బస్రా కింద ముగ్గురు దొరికారు. ముగ్గురిదీ ఒకటే పేరు. మనాయన ఎవరు?

ఒక రికార్డులో, మద్రాసు శాపర్స్ అండ్ మైనర్స్ పటాలం, తండ్రి పేరు కూడా ఉంది. చూసి ఆగిపోయా. అది మా తాత పేరు.

తాత పుట్టింది యుద్ధం తర్వాత కదా, ఇదెలా? ఫోన్ తీసుకెళ్లి నానమ్మకి చదివి వినిపించా. నానమ్మ ఇప్పటికీ తాత పేరు నోటితో పలకదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది. "తాత పేరు మనవడికి పెడతరు గదరా, మనింట్ల" అంది. ఆ రాళ్లు చెక్కినవాళ్లు వదిలేసిన లింక్‌ని మా ఇంటి ఆచారం దాచిపెట్టింది.

బస్రాలో ఆయన ఇప్పటికీ సంఖ్యలో ఒకడే. బిళ్ల మాత్రం ఇప్పుడు గోడ మీద, తాత ఫోటో పక్కన ఉంది. పాలగిన్నెకి స్టీలు మూత కొన్నాం.

ఫ్రెండ్స్, మీ ఇంట్లో ఇలాంటి బిళ్ల, పాత మెడల్ ఏదన్నా ఉంటే తూకానికి వేయకండి. ముందు ఇంట్లో పెద్దవాళ్లని రెండు ప్రశ్నలడగండి: ఆయన తండ్రి పేరేంటి, ఊరేంటి? వాళ్లున్నప్పుడే అడగండి. దొరికితే నాకూ చెప్పండి.