డిసెంబర్ 3: ఒకే తేదీ, నాలుగు సంఘటనలు

  ఈ రోజు డిసెంబర్ 3.

మన మొదటి రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ గారు 1884లో ఈ రోజే పుట్టారు. ఆయన న్యాయవాది కాబట్టి మన దేశంలో దీన్ని న్యాయవాదుల దినోత్సవంగా కూడా జరుపుకుంటాం. ఐక్యరాజ్యసమితి లెక్కలో ఇది అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం. ఇవి మనకు తెలిసినవే. నేను ఈ రోజు చెప్పదలచుకున్నవి నాలుగు సంఘటనలు. నాలుగూ వేర్వేరు సంవత్సరాల్లో, వేర్వేరు చోట్ల జరిగాయి. కానీ నాలుగింటి వెనకా ఒకటే విషయం కనిపిస్తుంది. ఏమిటో వినండి.

మొదటిది 1967. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం, గ్రూట్ షూర్ ఆసుపత్రి. డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ బృందం ఒక మనిషి గుండెను తీసి ఇంకొక మనిషికి అమర్చింది. ప్రపంచంలో అదే మొదటిసారి. గుండె పుచ్చుకున్నాయన పేరు లూయీ వాష్కాన్‌స్కీ, కిరాణా వ్యాపారి. గుండె ఇచ్చిన అమ్మాయి డెనిస్ డార్వాల్, వయసు 25 ఏళ్లు. ముందు రోజు రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. పక్కనే ఉన్న తల్లి అక్కడికక్కడే చనిపోయింది. భార్యను పోగొట్టుకున్న తండ్రి దగ్గరకు అదే రాత్రి డాక్టర్లు వెళ్లి, మీ అమ్మాయి గుండె ఇస్తారా అని అడిగారు. ఆయన సరేనన్నాడు. ఎంత గుండె నిబ్బరం ఉండాలో చూడండి!

వాష్కాన్‌స్కీ 18 రోజులు బతికాడు. గుండె బాగానే కొట్టుకుంది కానీ న్యుమోనియా వచ్చి పోయాడు. అయితే ఇది ఒక్క రాత్రిలో జరిగిన అద్భుతం కాదండి. అమెరికాలో నార్మన్ షమ్‌వే, రిచర్డ్ లోవర్ అనే డాక్టర్లు ఏళ్ల తరబడి కుక్కల మీద ప్రయోగాలు చేసి ఈ పద్ధతికి దారి వేశారు. ఆ దారిలో నడిచి బర్నార్డ్ ముందుగా గమ్యం చేరాడు.

మన దేశంలో ఇది విజయవంతం కావడానికి 1994 ఆగస్టు 3 దాకా ఆగాల్సి వచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసినవారు డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ గారు. మన రాజమండ్రిలో పుట్టిన మనిషి! ఆ ఏడాదే అవయవ మార్పిడి చట్టం వచ్చింది. మెదడు పనిచేయడం ఆగిపోతే దాన్ని మరణంగా లెక్కించవచ్చని చట్టం ఒప్పుకున్నాకే ఆ తలుపు తెరుచుకుంది.

రెండోది 1971. డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్, అమృత్‌సర్, శ్రీనగర్, ఆగ్రా వంటి మన వైమానిక స్థావరాల మీద బాంబులు వేశాయి. అప్పుడు ప్రధాని ఇందిరాగాంధీ కలకత్తాలో ఉన్నారు. హుటాహుటిన ఢిల్లీ వచ్చి, అర్ధరాత్రి దాటాక రేడియోలో జాతినుద్దేశించి మాట్లాడారు. పుస్తకాల్లో యుద్ధం మొదలైన తేదీ ఇదే. కానీ ఆ నిప్పు రాజుకున్నది మార్చి నెలలో. తూర్పు పాకిస్తాన్‌లో సైన్యం సొంత ప్రజల మీద విరుచుకుపడింది. దాదాపు కోటి మంది సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. డిసెంబర్ 16న ఢాకాలో లొంగిపోయేదాకా యుద్ధం 13 రోజులే నడిచింది. దాని ముందు కథ ఎనిమిది నెలలకు పైనే.

అదే రాత్రి మన విశాఖపట్నం దగ్గర ఇంకో సంగతి జరిగింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడాలని అక్కడికి వచ్చింది. విక్రాంత్ మాత్రం అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ సముద్రంలో ఘాజీ పేలి మునిగిపోయింది. అందులో ఉన్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. మన నౌక రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే మునిగిందని మన నౌకాదళం, ప్రమాదవశాత్తూ పేలిపోయిందని పాకిస్తాన్ చెబుతాయి. విశాఖ బీచ్ రోడ్డులో విజయ స్మారకం ఉంది కదా, అది ఆ యుద్ధానికి గుర్తే.

మూడోది 1992. ఇంగ్లండ్‌లో నీల్ పాప్‌వర్త్ అనే 22 ఏళ్ల ఇంజనీరు తన కంప్యూటర్ నుంచి వోడాఫోన్ అధికారి రిచర్డ్ జార్విస్ ఫోన్‌కు క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు. ప్రపంచంలో మొదటి ఎస్.ఎం.ఎస్. అదే. తమాషా ఏమిటంటే, ఆ ఫోన్‌లో టైపు చేసే వీలు లేదు కాబట్టి జార్విస్ తిరిగి జవాబు ఇవ్వలేకపోయాడు! ఇది కూడా ఒక్కరోజు పని కాదు. ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఇంజనీరు 1985లోనే రకరకాల వాక్యాలు టైపు చేసి, లెక్కపెట్టుకుని, సందేశానికి 160 అక్షరాలు చాలని తేల్చాడు. మన తెలుగు లిపిలో పంపితే మాత్రం ఆ కొలత 70కే ఆగిపోయేది. అందుకే ఆ రోజుల్లో చాలామంది తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు.

ఇక నాలుగోది 1984. వరస తప్పినా దీన్ని చివరికి ఉంచాను.

డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటి 3 వచ్చింది. భోపాల్ నిద్రపోతోంది. యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీలో 610వ నంబరు ట్యాంకులోకి నీరు చేరింది. దాదాపు 40 టన్నుల మిథైల్ ఐసోసైనేట్ గాలిలో కలిసింది. చలికాలం, నేలబారున పాకిన విషం. జనం దగ్గుతూ, కళ్లు మండుతూ వీధుల్లోకి పరుగెత్తారు. పరుగెత్తినకొద్దీ ఎక్కువ పీల్చారు. మొహానికి తడిగుడ్డ అడ్డం పెట్టుకోమని ఒక్క మాట అందినా ఎన్నో ప్రాణాలు నిలిచేవి. ఆ మాట అందలేదు. ఊరికి వినిపించాల్సిన సైరన్ కాసేపు మోగించి ఆపేశారు. డాక్టర్లకు అది ఏ విషమో, ఏ మందు ఇవ్వాలో చెప్పినవాళ్లు లేరు. రైల్వే స్టేషన్‌లో మాత్రం గులాం దస్తగీర్ అనే ఉద్యోగి, పై అధికారుల ఉత్తర్వు కోసం చూడకుండా, ప్లాట్‌ఫాం మీదున్న రైలును సమయం కాకముందే పంపేసి ఎంతోమందిని కాపాడాడు.

మధ్యప్రదేశ్ ప్రభుత్వం ధ్రువీకరించిన మరణాలు 3,787. బాధితుల సంఘాలు చెప్పే లెక్క దీనికి ఎన్నో రెట్లు. గాయపడినవారు 5 లక్షల మందికి పైగా.

దీన్ని ప్రమాదం అందామా? ట్యాంకును చల్లగా ఉంచే యంత్రాన్ని ఆ ఏడాది జూన్‌లోనే ఆపేశారు. బయటికొచ్చే వాయువును కాల్చేయాల్సిన గొట్టాన్ని మరమ్మతు పేరుతో విప్పి పెట్టారు. 1981లోనే అదే ఫ్యాక్టరీలో విషవాయువు తగిలి ఒక కార్మికుడు చనిపోయాడు. 1982లో అమెరికా నుంచి వచ్చిన సొంత తనిఖీ బృందమే లోపాలు రాసి ఇచ్చింది. అదే ఏడాది రాజ్‌కుమార్ కేస్వానీ అనే స్థానిక విలేకరి తన చిన్న పత్రికలో, ఈ ఊరికి ముప్పు ఉందని పదే పదే రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ఏమైంది? 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ. 2010లో దోషులకు రెండేళ్ల శిక్ష, ఆ రోజే బెయిలు. కంపెనీ అధిపతి వారెన్ ఆండర్సన్ ఒక్కరోజు కూడా విచారణకు నిలబడకుండా 2014లో అమెరికాలో చనిపోయాడు. ఫ్యాక్టరీలో మిగిలిన విష వ్యర్థాల్లో 337 టన్నులు అక్కడి నుంచి కదిలింది 2025 జనవరిలో. అంటే 40 ఏళ్లకు!

ఇప్పుడు అర్థమైందా, నాలుగింటి వెనకా ఉన్న విషయం ఏమిటో? తేదీ కలవడం కాకతాళీయం. సంఘటనలు మాత్రం కాకతాళీయం కాదు. విత్తు నాటిన రోజు ఎవరూ రాసుకోరు, కోత కోసిన రోజే క్యాలెండర్‌కు ఎక్కుతుంది. గుండె ఆపరేషన్‌కైనా, భోపాల్‌కైనా ఇదే లెక్క.

విశాఖనే చూడండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. ట్యాంకు చల్లగా ఉంచే ఏర్పాటు సరిగా లేదని, సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉన్నా ఒక్కటీ మోగించలేదని ప్రభుత్వ కమిటీయే తేల్చింది. చల్లబరిచే యంత్రం, సైరన్... ఈ రెండు మాటలూ ఇందాకే విన్నాం కదా!

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర పరిశ్రమలో ఏముందో, ప్రమాదం జరిగితే ఏం చేయాలో కార్మికులకే కాదు, చుట్టుపక్కల జనానికి కూడా యాజమాన్యం చెప్పి తీరాలి. ఇది మన హక్కు. మీ ఇంటికి దగ్గరలో అలాంటి ఫ్యాక్టరీ ఉంటే ఈ వారమే అడగండి. లోపల ఏముంది? సైరన్ మోగితే మేం ఎటు పోవాలి? మా ఊళ్లో మాక్ డ్రిల్ ఎప్పుడు చేశారు? జవాబు రాకపోతే కలెక్టర్ గారికి అర్జీ పెట్టండి. కేస్వానీ ఒక్కడే అడిగాడు కాబట్టి ఎవరూ వినలేదు. ఊరంతా అడిగితే వినక తప్పదు.