విత్తనపు పొట్టేలు: ఆఫ్రికా చిన్నకాపరుల మందలు నేర్పు పాఠము



ఈ వార్షికమహాసభయందు పశుపోషణమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా ఆహ్వానసంఘమువారు మమ్ము నియోగించిరి. విద్యను గూర్చియు, వసతిగృహములను గూర్చియు పెద్దలు ఇదివఱకే విపులముగా ప్రసంగించిరి. మేము మందను గూర్చి చెప్పెదము. అదియు మన మంద కాదు. సముద్రమున కావల ఆఫ్రికాఖండమున పది యిరువది గొఱ్ఱెలతో సంసారమీదు చిన్నకాపరుల మంద. అక్కడి మాట యిక్కడ నేల యని కొంద ఱడుగవచ్చును. గొఱ్ఱెను నమ్ముకొన్నవాని కష్టసుఖములు ఏ దేశమందైనను ఒక్కటియే. వారు పడిన తిప్పలు తెలిసికొన్నచో మనము పడకుండ తప్పించుకొనవచ్చును.

మందను బాగుచేయుటకు మార్గములు రెండు. మొదటిది పైదేశమునుండి పెద్దజాతి పొట్టేళ్లను తెచ్చి మన గొఱ్ఱెలపై దాటించుట. రెండవది మన మందలోనే మేలైనదానిని ఏఱి విత్తనమునకు నిలుపుకొనుట. మొదటిది త్వరగా కంటికి కనబడును. రెండవది ఓర్పుతో గాని ఫలింపదు. కావున ప్రభుత్వములకును, దాతలకును మొదటి మార్గమే ప్రియమైనది.

దాని ఫలము కెన్యాదేశమున నెట్లయ్యెనో చూడుడు. అచ్చటి మాసాయి కాపరులకు ఎఱ్ఱనివన్నె గొఱ్ఱెజాతి యొకటి కలదు. ఎఱ్ఱమాసాయి గొఱ్ఱె యని దానికి పేరు. అది చిన్నది, చూపునకు సామాన్యమైనది. దక్షిణాఫ్రికాలో 1930 దశకమున రెండుజాతులను కలిపి పుట్టించిన డార్పర్ అను పెద్దగొఱ్ఱెను 1970 దశకమున కెన్యాకాపరులలో వ్యాపింపజేసిరి. పిల్లలు బలముగా నుండెను, సంతలో ధర పలికెను. జనులు సంతోషించి దాటించుచునే పోయిరి. కొన్నియేండ్లకు అచ్చమైన ఎఱ్ఱమాసాయి మంద దొరకుటయే దుర్లభమాయెను. తరువాత శాస్త్రజ్ఞులు ఈ రెండుజాతులను తేమగల సముద్రతీరమున ప్రక్కప్రక్కన పెంచి చూచిరి. కడుపులో నట్టలు పడినప్పుడు డార్పర్ పిల్లలు విశేషముగా చచ్చుచుండగా, ఎఱ్ఱమాసాయి పిల్లలు తట్టుకొని నిలిచెను. ఈ చిన్నగొఱ్ఱె మందులేకయే నట్టలకు ఓర్చుకొను శక్తిని వేలయేండ్లుగా రక్తమందు దాచుకొన్నది. తూనికలో దానికి బరువు లేదు. కఱవువచ్చి, మందుకు డబ్బులేని యేటనే దాని విలువ తెలియును.

పశ్చిమాఫ్రికాలోని ఎన్‌డామా ఆవుల కథయు నిట్టిదే. అచ్చట త్సెత్సె యను ఈగ కాటువలన, మన సర్రా వ్యాధికి దగ్గఱిచుట్టమైన రోగము పశువులకు సంక్రమించును. పైజాతిపశువులు దానితో చిక్కి చచ్చును. పొట్టిదైన ఎన్‌డామా ఆ రోగమును మోయుచునే మేసి ఈనును. పరిమాణము చూచి దానిని తీసివేసినచో ఆ ప్రాంతమున పాడియే నిలువదు.

పైజాతి యెల్లప్పుడును చెఱుపే యని మా యుద్దేశము కాదు. కెన్యాలోని చల్లని మెట్టభూములయందు ఫ్రీజియన్, ఎయిర్‌షైర్ ఆవుల సంకరముచేత చిన్నరైతులు పాడిచేసి బాగుపడిరి. అచ్చట చలువ కలదు, పచ్చగడ్డి కలదు, పాలుకొనువారు కలరు. ఈ మూడును లేనిచోటికి అదే ఆవును తోలుకొనిపోయినచో అది రైతునకు అప్పే తెచ్చిపెట్టును.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన ఇథియోపియాదేశపు వృత్తాంతము. అచ్చటికి 1940 దశకము మొదలుకొని కారిడేల్, హాంప్‌షైర్, రామ్నీ మున్నగు సీమగొఱ్ఱెలను, పిమ్మట అవాసీజాతిని తెచ్చి సర్కారుక్షేత్రములలో సంకరము చేసి రైతులకు పంచిరి. క్షేత్రమున దాణాతిని పెరిగిన పొట్టేలు రైతుబీటిలో చిక్కిపోయెను. లావుతోక గల గొఱ్ఱెనే మెచ్చు ఆ జనులు సన్నతోక పొట్టేలిని చూచి పెదవి విఱిచిరి. నీకెట్టి గొఱ్ఱె కావలయునని కాపరిని అడిగినవారు లేరు. ధనము వ్యయమైనది కాని మందలు మాఱలేదు.

2009వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు పద్ధతి మార్చిరి. ఇథియోపియా పరిశోధనాసంస్థలును, ఇకార్డా, ఇల్రీ యను అంతర్జాతీయసంస్థలును, ఆస్ట్రియాదేశపు వియన్నా నగరమునందలి విశ్వవిద్యాలయ మొకటియు కలిసి మెంజ్, హొర్రో, బొంగా, అఫార్ అను నాలుగు దేశవాళీజాతులకు జాతికి రెండేసి చొప్పున ఎనిమిది సమూహములను ఎన్నుకొనెను. సుమారు 500 కుటుంబములు, 8000 గొఱ్ఱెలు. మొదట వారు చేసిన పని మిక్కిలి సామాన్యమైనది. ప్రతికాపరిని తన మందలో మేలైన గొఱ్ఱెను, దాని తరువాతిదానిని, అన్నిటికంటె నాసిదానిని చూపుమనియు, ఎందుచేతనో చెప్పుమనియు అడిగిరి. కాఫీచెట్టు పుట్టినిల్లయిన కాఫా సీమలోని బొంగావారు కవలలను ఈను గొఱ్ఱెను కోరిరి. ఎడారివాసులైన అఫార్‌వారు పాలును కోరిరి. చలికొండలపైనుండు మెంజ్‌వారు ఒడ్డును, పొడుగును, తోకను చూచుకొనిరి. వారి గొఱ్ఱె ముతకయున్నితో కంబళ్లు నేయుదురు. మన గొంగళి వంటిదే యనుకొనుడు.

అప్పుడొక రహస్యము బయటపడెను. ఇట్టి కాపరులకు కొత్తసంవత్సరము, ఈస్టరు, రంజాను పండుగలయందు మంచి ధర పలుకును. ధాన్యమునకును, పిల్లల చదువునకును డబ్బు కావలయును. ఏ పోతుపిల్ల త్వరగా ఎదిగినదో దానినే ముందుగా సంతకు తోలుదురు. ఎదుగక వెనుకబడినది మందలో మిగులును. మిగిలినదియే గొఱ్ఱెలపై దాటును. మేలైనది కత్తికి, నాసిది విత్తనమునకు! ఏటేట ఇట్లు జరిగినచో మంద దిగజాఱక యేమి చేయును? ఇది కాపరి తెలివితక్కువ కాదు, వాని లేమి. ఒక్కనికి వచ్చిన లేమిని పదిమంది పంచుకొన్నగాని ఈ చిక్కు విడదు.

కావున వారు చేసిన యేర్పా టిది. సమూహములోని పిల్ల లన్నిటికిని చెవిబిళ్లలు వేసిరి. ఊరిలో చదువుకొన్న యువకు నొకని నియమించి, పుట్టినప్పుడును, పాలు మఱచినప్పుడును, ఆఱవనెలయందును బరువుతూచి వ్రాయించిరి. ఏ తల్లిపిల్ల, ఎన్నవ ఈత, ఒంటియా కవలయా యనియు వ్రాసిరి. లెక్కనుబట్టి మంచి పోతుపిల్లలను వేఱుచేసిన పిమ్మట, కాపరులే యెన్నుకొన్న పెద్దలు కూర్చుండి వానిని నిలువబెట్టి, నడిపించి, వన్నె, కాళ్లు, తోక పరీక్షించి తుదిమాట చెప్పుదురు. శాస్త్రము తూనికకు, అనుభవము చూపునకు. రెండును ఒకే గొఱ్ఱెలపాకలో కలిసెను. ఎన్నికైన పొట్టేలిని ఉమ్మడినిధినుండి సొమ్మిచ్చి కొని నిలుపుదురు. యజమానికి పండుగడబ్బు దక్కును, ఊరికి విత్తనము దక్కును. తక్కిన పోతులను నలగగొట్టించి బలిపి అమ్ముదురు. పొట్టేలు ఒక గుంపులో కొంతకాలముండి, తన కూతుండ్రపైననే దాటకుండ మఱియొక గుంపునకు పోవును.

2018వఱకు వ్రాసిన లెక్కలలో బొంగాజాతి పిల్లల ఆఱునెలల బరువు ఏటేట సుమారు 210 గ్రాములును, మెంజ్‌లో సుమారు 110 గ్రాములును పెరిగినట్లు తేలెను. ఇది గుప్పెడు మాంసమేకదా యని నవ్వవలదు. పదియేండ్లకు బొంగాపిల్లకు రెండుకిలోలు, అదియు ప్రతిపిల్లకు, అదియు దాణాతో వచ్చి దాణాతో పోవునది కాదు, రక్తమున నిలుచునది. బొంగా సహకారసంఘములు ఇతరప్రాంతములకు విత్తనపు పొట్టేళ్లను అమ్ము స్థితికి వచ్చినవి. మలావీ, ఉగాండా దేశములలో మేకలకును ఈ పద్ధతిని ప్రయోగించిరి.

కష్టములు లేకపోలేదు. ఉమ్మడినిధి కరగినచో పండుగసంత మఱల గెలుచును. బరువులు వ్రాయువానికి జీతము తప్పినచో పుస్తకము మూతపడును. పెద్దలు పక్షపాతము చూపినచో సంఘమే చీలును. పొట్టేలిని ఏఱుటకంటె పదిమంది మాటపై నిలుచుటయే కష్టమని వారి యనుభవము.

బంధువులారా! ఇప్పుడు మన యింటికి వత్తము. 2017లో తెలంగాణ ప్రభుత్వము గొల్లకురుమ కుటుంబములకు నూటికి 75 వంతుల రాయితీపై 20 గొఱ్ఱెలను, 1 పొట్టేలును ఇచ్చు పథకము నారంభించెను. ఇరువదింటిని లెక్కపెట్టుకొన్నాము, ఆ యొక్కటి యెట్టిదని యెందఱము చూచితిమి? పుట్టబోవు ప్రతిపిల్లలోను సగము రక్తము ఆ యొక్కదానిదే. గొంగళికి ఉన్నినిచ్చిన మన దక్కనీ నల్లగొఱ్ఱె, ఉన్నిలేని జాతులతో కలిసికలిసి అనేకగ్రామములలో సన్నగిల్లినది. పల్ల, జోడిపి, డోర యను నెల్లూరిజాతి భేదములను మన తాతలు చూపుతోనే ఏఱి నిలిపిరి. ఎఱ్ఱమాసాయికి పట్టిన గతి వీనికి పట్టరాదు.

కావున మా విన్నపము మూడుమాటలు. ఊరికొక మందపుస్తకము పెట్టుడు. ప్రతియేడు మేలైన పోతుపిల్లను సంతకు పోనీయక ఊరుమ్మడిగా కొని నిలుపుడు. పోషకమహనీయులు భవనములకును, వేతనములకును ఇచ్చు విరాళములలో ఒక చిన్నపాలు ఈ పొట్టేళ్లనిధికి మళ్లింపుడు. మనపిల్లలు పట్టణములకు పోయి ఉద్యోగములు చేయుదురుగాక. వారి చదువుకు ఫీజు కట్టిన మంద దిగజాఱకుండ చూచుట మన ఋణము.