అదను దాటకముందే అభిప్రాయము చెప్పుడు
(రైతు సదస్సులో చేసిన ప్రసంగము)



జూబిలీహిల్స్, ఫిలింనగర్ అనగానే మీకు స్టూడియోలు, సినిమా తారల మేడలు గుర్తుకు వచ్చును. నేను చెప్పబోవునది సినిమా సంగతి కాదు. ప్రభుత్వము అభిప్రాయమడిగినపుడు కొందరు ఎందుకు ముందుకు వత్తురు, పెక్కుమంది ఎందుకు ఊరకుందురు అను సంగతి.

జూబిలీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనము కలదు. 350 ఎకరములకు మించిన ఈ అడవిని 1998లో జాతీయ వనముగా ప్రకటించిరి. 2016లో దీని చుట్టు పైవంతెనలు కట్టుటకై చెట్లు తొలగింప తలపెట్టగా పౌరులు గుమిగూడి అభ్యంతరము తెలిపిరి. 2020లో కేంద్ర పర్యావరణ శాఖ, వనము వెలుపలి రక్షణ మండలము కొన్నిచోట్ల 3 మీటర్లు చాలునని ముసాయిదా ప్రకటించి, అభ్యంతరములకు 60 దినములు గడువిచ్చినది. అప్పుడును పౌరులు వ్రాసి పంపిరి.

వారిని కదిలించినదేమి? ప్రతి ఉదయము ఆ చెట్ల నీడను నడచువారికి అది తమ పెరటి సంగతిగా తోచినది. గడువులోపల వార్త తెలిసినది. తోడు వచ్చువారు దొరికిరి. ఈ మూడింటిలో ఏది లోపించినను మనిషి “నా మాట ఎవరు విందురు?” అని ఇంట కూర్చుండును.

ఇది పట్నవాసులకే చెల్లునని తలపవద్దు. కామారెడ్డి పట్టణ మాస్టర్‌ప్లాను ముసాయిదాలో తమ పొలములు పారిశ్రామిక మండలములో చేరినవని తెలిసి రైతులు ఆందోళన చేసిరి. 2023 జనవరిలో పురపాలక సంఘము ఆ ముసాయిదాను రద్దుచేయ తీర్మానించినది. ప్రతిసారి ఇట్లే జరుగునని చెప్పలేము. అడుగనిదే జరుగదని మాత్రము చెప్పగలము.

కావున మీరు చేయవలసినది వినుడు. పంచాయతీ కార్యాలయములోని ప్రకటనలు చదువుచుండవలెను. ముసాయిదా వచ్చినచో మీ సర్వే నంబరు అందున్నదేమో చూడవలెను. అభ్యంతరమును కారణముతో వ్రాసి, గడువులోపల ఇచ్చి, రశీదు పుచ్చుకొనవలెను. కర్మాగారముల పర్యావరణ అనుమతికై జరుగు ప్రజాభిప్రాయ సేకరణకు, 2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారము, కనీసము 30 దినములు ముందుగా తెలుపవలెను; సభాంతమున ప్రజలు చెప్పినదాని సారాంశమును స్థానిక భాషలో చదివి వినిపింపవలెను. అది వినకుండ లేచి రావలదు.

అదను దాటిన పిదప విత్తిన గింజ పంటకు రాదు. ముసాయిదా ఖాయమైన పిదప చెప్పిన మాటయు అంతే.